తుప్పుకు తెలుసు కారు పుట్టుపూర్వోత్తరాలు

నాందేడ్‌లో పోర్షే షోరూమ్ లేదు. రెండు సీట్ల స్పోర్ట్స్ కారు మీద మనసు పడ్డవాళ్లు, అందులోనూ సెకండ్ హ్యాండ్ బండి కోసం చూసేవాళ్లు ఊరు దాటాల్సిందే. ఇటు హైదరాబాద్ సుమారు 280 కిలోమీటర్లు, అటు ముంబయి దానికి రెట్టింపు దూరం, మధ్యలో పుణె. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న జిల్లా కాబట్టి దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ వైపు తెలుగు కుటుంబాలకు పెద్ద కొనుగోలు అంటే ఇప్పటికీ ముందుగా హైదరాబాదే గుర్తొస్తుంది. ఫోనులో ఫొటోలు చూసి బేరం మొదలుపెట్టే ఈ రోజుల్లో మాత్రం బండి ఏ ఊళ్లో ఉందన్నది చాలామంది పట్టించుకోరు. మోడల్, సంవత్సరం, కిలోమీటర్లు, ఎంతమంది చేతులు మారింది, ఈ నాలుగూ అడిగి ఊరుకుంటారు. అడగాల్సిన ఐదో ప్రశ్న ఒకటుంది. ఈ బండి ఇన్నేళ్లూ ఏ గాలిలో, ఏ నీళ్ల పక్కన నిలబడింది?

మరాఠ్వాడా గాలి పొడిగాలి. వేసవి నెలల్లో చెట్టు మీద ఆకు కూడా గలగలమంటుంది. వానాకాలం నాలుగు నెలలు పక్కన పెడితే ఇనుముకు ఇక్కడ పెద్దగా ముప్పు లేదు. అందుకే ఇక్కడి కొనుగోలుదారు కన్ను ఇంజను మీద, ఏసీ మీద, టైర్ల మీద పడినంతగా తుప్పు మీద పడదు. ఇరవయ్యేళ్ల జీపు కూడా గట్టిగా నిలబడి ఉండే ఊళ్లో పన్నెండేళ్ల కారు అడుగున ఇనుము పెచ్చులు లేస్తుందని ఎవరికి తోస్తుంది? సముద్రతీరం నుంచి వచ్చిన బండిని కూడా ఇదే కంటితో చూసి డబ్బు కట్టడం వల్లనే చిక్కంతా వస్తుంది.

గాలిలో తేమ 60 శాతం లోపు ఉన్నంతకాలం ఇనుము తుప్పు పట్టడం చాలా నెమ్మదిగా సాగుతుంది. ఆ గీత దాటితే లోహం మీద కంటికి కనబడని నీటి పొర ఏర్పడుతుంది. గాలిలోని ఆక్సిజన్ ఆ పొరలో కరిగి ఇనుముతో కలుస్తుంది. తోడుగా ఉప్పు చేరిందంటే ఇక పరుగే. ఉప్పు గాలిలోంచి తేమను తనే లాక్కుంటుంది, విద్యుత్ కణాలు కదలడానికి దారి ఇస్తుంది. ముంబయిలో తేమ ఏడాదిలో చాలా నెలలు ఆ గీతకు పైనే ఉంటుంది, పైగా సముద్రపు గాలిలో ఉప్పు. విశాఖలో బీచ్ రోడ్డు పక్కన ఇనుప గేటు పెట్టించుకున్నవాళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇంకో సంగతి ఉంది. తుప్పుగా మారిన ఇనుము ఉబ్బుతుంది. రెండింతల నుంచి ఆరింతల దాకా చోటు ఆక్రమిస్తుంది. రంగు కింద ఆవగింజంత చోట మొదలైనా పైన పొక్కు లేచేది అందుకే. పొక్కు కనబడిందంటే లోపల పని చాలా ముందే మొదలైందని లెక్క.

అయితే తుప్పు కనబడిన ప్రతి బండినీ వదిలేసుకోనక్కర్లేదు. ఇక్కడ చాలామంది రెండు రకాలుగా పొరపడతారు. కనబడే తుప్పును చూసి బెదిరిపోతారు, కనబడనిదాన్ని వదిలేస్తారు. వాన వెలిసిన మర్నాడు బ్రేక్ డిస్కుల మీద నారింజ రంగు పొర కనబడితే కంగారు అక్కర్లేదు, బండి కదిలి రెండుసార్లు బ్రేకు తొక్కితే అది పోతుంది. సైలెన్సర్ పైపు గోధుమరంగుకు తిరగడం, సస్పెన్షన్ బోల్టుల తలలు ఎర్రబడటం కూడా వయసు తెచ్చేవే. గరుకు కాగితంతో రుద్దితే కింద మెరిసే లోహం తేలిందా, అది పైతుప్పు. రుద్దినకొద్దీ పెచ్చులు పెచ్చులుగా రాలి గుంట పడిందా, అక్కడ లోహం మందం తగ్గిపోయింది. స్క్రూడ్రైవర్ పిడితో తడితే ‘ఠంగ్’ మనాల్సినచోట ‘దబ్’ మందా, ఇంకొంచెం గట్టిగా నొక్కితే వేలు దిగుతుంది.

ఎంత తుప్పు అన్నదానికంటే ఎక్కడ అన్నది పెద్ద ప్రశ్న. డోరు అంచున అరచేయంత తుప్పు ఉన్నా డోరు మార్చుకోవచ్చు. బండి బరువు మోసేచోట అణాకాసంత రంధ్రం పడ్డా ఆలోచించాల్సిందే.

ఈ తేడా ప్రపంచానికి బాగా నేర్పిన కారు బ్రిటన్‌లో తయారైన ఎంజీబీ. 1962 నుంచి 1980 దాకా అయిదు లక్షలకు పైగా తయారైన ఈ స్పోర్ట్స్ కారుకు విడిగా చాసిస్ లేదు, బాడీయే చట్రం. పైకప్పు లేని మోడల్‌కు ఉన్న బలమంతా తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగే బోలు ఉక్కు పెట్టెలోనే ఉంటుంది. మన మెకానిక్కులు రన్నింగ్ బోర్డు అనేది దాన్నే. ఎంజీబీలో అది ఒక్క రేకు కాదు, బయటి రేకు, మధ్య రేకు, లోపలి రేకు కలిసి వెల్డ్ అయి ఉంటాయి. తుప్పు మధ్యలో మొదలై రెండు వైపులా తింటుంది. బయటి రేకు మీద కొత్త రేకు అతికించి రంగు కొడితే బండి పెళ్లికూతురులా తయారవుతుంది, లోపల మాత్రం మోసే దిక్కుండదు. అలాంటి బండిని పట్టుకోవడానికి పాత కార్ల ప్రేమికులు ఒక పరీక్ష చేస్తారు. బండి ఒక పక్కను జాకీ మీద లేపి, ఆ పక్క తలుపు తెరిచి మూస్తారు. ఎప్పటిలా తెరుచుకుని మూసుకుంటే మంచిదే. తలుపు పట్టేసినా, తలుపుకూ వెనక రేకుకూ మధ్య సందు సన్నబడినా బండి నడుము వంగిపోతోందన్నమాట. ఈ పరీక్షకు ఖర్చు లేదు, పరికరం అక్కర్లేదు. పైకప్పు మడిచే ఏ కారు కొంటున్నా చేసి చూడాల్సిందే.

పైన మెరుపు, అడుగున తుప్పు అన్నదానికి డెలోరియన్‌ను మించిన ఉదాహరణ దొరకదు. 1981లో అమ్మకానికొచ్చిన ఈ కారు బయటి రేకులు స్టెయిన్‌లెస్ స్టీలు, రంగే అక్కర్లేదు. నలభై ఏళ్లు దాటిన బండ్లు కూడా నేటికీ తళతళలాడుతున్నాయి. కానీ ఆ రేకుల కింద ఉన్నది ఎపాక్సీ పూత వేసిన మామూలు ఉక్కు చట్రం. పూత పగిలినచోట నీరు దూరి చట్రాన్ని తింటుంది. మన దేశంలో గోవాలో తయారైన శాన్ స్టార్మ్ అనే చిన్న స్పోర్ట్స్ కారుదీ ఇలాంటి కథే. బాడీ ఫైబర్ గ్లాసు, తుప్పు అన్న మాటే లేదు. దాన్ని మోసేది మాత్రం ఉక్కు. పైగా తయారైంది అరేబియా సముద్రపు ఒడ్డున. అలాంటి బండి ఎక్కడైనా కనబడితే బానెట్ ఎత్తి చూసే ముందు కింద పడుకుని చూడాలి.

ఇటలీ కంపెనీ లాన్చా అయితే తుప్పు దెబ్బకు ఒక దేశపు మార్కెట్టులో పరువే పోగొట్టుకుంది. 1972లో వచ్చిన లాన్చా బేటా చక్కటి కారు, నడిపినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఇంజను కూర్చునే సబ్‌ఫ్రేము బాడీకి బిగిసేచోట తుప్పు పడుతోందని 1980లో బ్రిటన్ పత్రికల్లో గగ్గోలు పుట్టింది. కంపెనీ యజమానుల దగ్గర్నుంచి కార్లు వెనక్కి కొనాల్సి వచ్చింది. ఆ మచ్చ చెరగనే లేదు. 1994లో లాన్చా బ్రిటన్ నుంచే తప్పుకుంది.

ఇవన్నీ పాత కాలపు బండ్లు కదా, ఇప్పటి కార్లకు ఇదంతా దేనికి అనిపించవచ్చు. నిజమే, కథ మారింది. పోర్షే 911కు 1976 మోడల్ నుంచి జింకు పూత ఉన్న ఉక్కుతో బాడీ చేయడం మొదలుపెట్టారు. 1985లో ఆడి 100 కారు బాడీ మొత్తానికీ జింకు పూత వచ్చింది. జింకు ఇనుము కంటే ముందు తను కరిగిపోతుంది, తను ఉన్నంతకాలం ఇనుమును కాపాడుతుంది. దాని మీద బాడీ మొత్తాన్ని తొట్టెలో ముంచి, విద్యుత్తు సాయంతో సందుసందుకూ ప్రైమరు పట్టిస్తారు. ఇలా తయారైన బండి మరాఠ్వాడా లాంటి పొడి నేల మీద ఇరవై ఏళ్లున్నా తుప్పు పట్టనక్కర్లేదు.

అదే ఇక్కడ అసలు ఆధారం. తుప్పు పట్టకూడని బండికి ఒక్కచోట తుప్పు కనబడితే, అక్కడ ఏదో జరిగింది. కుడి ముందు మడ్‌గార్డు అంచున పొక్కులున్నాయి, ఎడమ పక్క అద్దంలా ఉంది అనుకుందాం. రెండు వైపులా తాగిన నీరు ఒకటే, పీల్చిన గాలి ఒకటే. కుడి పక్క దెబ్బ తగిలింది, టింకరింగ్ జరిగింది, జింకు పూత పోయింది అని ఆ పొక్కులు చెబుతాయి. గ్యాస్ వెల్డింగ్ వేడికి రేకు రెండో వైపున్న పూత కూడా మాడిపోతుంది. బయటి వైపు లప్పం పెట్టి, నున్నగా రుద్ది, మంచి రంగు కొడతారు. లోపలి వైపు చేయి దూరదు కాబట్టి అలాగే వదిలేస్తారు. రెండు మూడు వానాకాలాలు గడిచాక నిజం బయటికి వస్తుంది. ‘బండికి యాక్సిడెంట్ లేదు సార్, ఒరిజినల్ పెయింటే’ అని ఏజెంటు ఎంత చెప్పినా, రెండు పక్కల మధ్య తేడాకు అతని దగ్గర జవాబుండదు. సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారులో తుప్పును జబ్బుగా కంటే సాక్షిగా చూడటం మంచిది. ఈ బండ్లు మెత్తగా నడిపినవి కావు, వేగంగా నడిపినవి. కాబట్టి ఆ సాక్షి మాట వినాలి.

లప్పం కనిపెట్టడానికి పాతకాలపు పద్ధతి అయస్కాంతం. ఫ్రిజ్ తలుపుకు పెట్టుకునే చిన్న అయస్కాంతానికి మెత్తటి గుడ్డ చుట్టి, రేకు మీద నెమ్మదిగా జరుపుతూ పోవాలి. ఉక్కు ఉన్నచోట పట్టుకుంటుంది, లప్పం మందంగా ఉన్నచోట జారిపోతుంది. అయితే స్పోర్ట్స్ కార్ల దగ్గర ఈ పద్ధతి మనల్ని బోల్తా కొట్టించగలదు. మన దేశంలో సెకండ్ హ్యాండ్ మార్కెట్టులో కనబడే రెండో తరం ఆడి టీటీని చూడండి. దాని బాడీలో 69 శాతం అల్యూమినియం, 31 శాతం ఉక్కు. ముందు భాగం తేలిగ్గా ఉండాలని అల్యూమినియం వాడి, బరువు వెనక్కి సర్దడానికి వెనక అడుగుభాగం, తలుపులు, డిక్కీ మూత ఉక్కుతో చేశారు. అంటే అయస్కాంతం బానెట్ మీద, ముందు మడ్‌గార్డుల మీద జారిపోతుంది, తలుపుల మీద అతుక్కుంటుంది. సంగతి తెలియనివాడు ముందంతా లప్పమేనని హడలిపోతాడు. తెలిసినవాడు తలుపు మీద జారితేనే అనుమానపడతాడు. జాగ్వార్ ఎఫ్-టైప్ బాడీ అయితే పూర్తిగా అల్యూమినియమే.

అల్యూమినియానికి ఎర్ర తుప్పు పట్టదు. అంతమాత్రాన దానికి చావు లేదనుకోకూడదు. రంగు కింద తెల్లటి పొడి, పురుగు పాకినట్టు సన్నటి గీతలు, ఉక్కు బోల్టు బిగిసినచోట చుట్టూ పొక్కులు, ఇవి దాని జబ్బు గుర్తులు. రెండు వేర్వేరు లోహాలు తడిగా తగులుకుంటే ఒకటి రెండోదాన్ని తినేస్తుంది. దెబ్బతిన్న అల్యూమినియం రేకును సరిచేయడం వేరే పనితనం, దానికి వేరే వెల్డింగ్, వేరే పరికరాలు. ఉక్కు మీద చేయి తిరిగిన ప్రతి టింకరూ ఇది చేయలేడు. ఈ ఖర్చు బేరంలోనే లెక్కేసుకోవాలి.

అయస్కాంతం కంటే నమ్మకమైనది రంగు మందం కొలిచే మీటరు. ఇనుము మీదా అల్యూమినియం మీదా పనిచేసేది తీసుకోవాలి. ఫ్యాక్టరీ రంగు మామూలుగా 80 నుంచి 180 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 300 చూపిస్తే ఆ రేకుకు మళ్లీ రంగు పడింది. 1000 దాటితే కింద లప్పం ఉంది. ఒక్క అంకె చూసి తీర్పు చెప్పకుండా బండి చుట్టూ తిరిగి ప్రతి రేకు మీదా నాలుగైదు చోట్ల పెట్టి చూడాలి. రంగు పడిన రేకు ఉండటం నేరం కాదు, సందుల్లో గీతలు పడని కారు మన ఊళ్లలో ఉండదు. అమ్మేవాడు దాచాడా, చెప్పాడా అన్నదే చూడాలి.

ఇక నీళ్లు. కారులోకి నీళ్లు రాకుండా ఎవరూ ఆపలేరు, వచ్చినవి పోయే దారి మాత్రం పెడతారు. ప్రతి తలుపు అడుగు అంచున పొడవాటి చిన్న రంధ్రాలుంటాయి. అద్దం పక్క నుంచి దిగిన నీళ్లు అక్కడి నుంచి కారిపోవాలి. నాందేడ్ దుమ్ము, వాన చినుకు కలిస్తే ఆ రంధ్రాలు బంకమట్టితో మూసుకుపోతాయి. తలుపు తెరిచి, అడుగున వేలు పెట్టి ఆ మూల నుంచి ఈ మూలకు తడిమితే చాలు. రబ్బరు బీడింగ్ కింద రేకు మడతలో గరగర తగిలిందా, వేలికి ఎర్రటి పొడి అంటిందా, ఆ తలుపు లోపల నీళ్లు నిలిచాయి. పుల్లతో రంధ్రం పొడిచి చూస్తే ఒక్కోసారి నల్లటి నీరు బొటబొటా కారుతుంది. అద్దం ముందు వైపర్ల కింద ఉండే ప్లాస్టిక్ జాలీ కూడా ఎత్తించి చూడాలి. వేపచెట్టు కింద నిలబెట్టిన బండిలో అక్కడ ఎండాకులు గుట్టపడి కుళ్లుతుంటాయి.

పైకప్పు మడిచే కార్లలో ఈ దారులు ఇంకా మెలికలు తిరిగి ఉంటాయి. మజ్దా ఎంఎక్స్-5 సంగతి ఇందుకు మంచి పాఠం. 1989లో వచ్చిన ఈ చిన్న కారు 2016 నాటికి పది లక్షలు దాటింది, ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఇదే. గుడ్డ పైకప్పు మీద పడిన నీళ్లు సీట్ల వెనక నుంచి సన్నటి గొట్టాల్లో దిగి, వెనక చక్రం ముందున్న రన్నింగ్ బోర్డు దగ్గర కింద పడాలి. గొట్టం మూసుకుపోతే నీళ్లు ఆ బోలు పెట్టెలోకే చేరతాయి. లోపల్నుంచి కుళ్లిపోతుంది, పైకి పొక్కు కనబడేసరికి సగం పోయి ఉంటుంది. పోర్షే బాక్స్‌టర్‌లో గొట్టాలు మూసుకుపోతే నీరు కార్పెట్ కిందికి చేరుతుంది. సీటు కింద ఉన్న ఎలక్ట్రానిక్ పెట్టె తడిసిందంటే బండి స్టార్టే కాకపోవచ్చు. మడిచే కప్పు ఉన్న ఏ బండైనా సరే, కార్పెట్ మూల ఎత్తి కింది స్పాంజిని గట్టిగా ఒత్తి చూడాలి. పైన పొడిగా ఉన్న కార్పెట్ అడుగున నెలల తరబడి తడి ఉండగలదు.

ఎంఎక్స్-5 మన దేశంలో కంపెనీ అమ్మలేదు. ఆ కారుతో ఎక్కువ పని అమెరికాలో ఉన్న మనవాళ్లకే. డెట్రాయిట్ చుట్టుపక్కల ట్రాయ్, నోవై ఊళ్లలో తెలుగు కుటుంబాలు బాగా ఉన్నాయి. అక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ నగరం కిందే వెయ్యి అడుగులకు పైగా లోతున పెద్ద ఉప్పు గని ఉంది. ఆ ఉప్పు నీళ్లు చక్రాల నుంచి చిమ్మి, అడుగున ప్రతి సందులోకీ దూరతాయి. ముంబయి గాలి పదేళ్లలో చేసే పని మిషిగన్ రోడ్డు కొన్ని చలికాలాల్లో చేసేయగలదు. ఉద్యోగంలో చేరిన ఏడాదే పాత మస్టాంగో, ఎంఎక్స్-5నో కొనాలనుకునే కుర్రవాళ్లు అందుకే కాలిఫోర్నియా, అరిజోనా వైపు తిరిగిన బండ్లకు నాలుగు డాలర్లు ఎక్కువైనా పెడతారు. అక్కడ చూడాల్సింది ముఖ్యంగా బ్రేకు ఆయిల్ వెళ్లే ఉక్కు పైపులు. అవి తుప్పుపట్టి కారితే బ్రేకు పెడలు నేలకు అంటుతుంది.

మన రోడ్ల మీద ఉప్పు లేదు కానీ స్పీడ్ బ్రేకర్లున్నాయి. నేలకు జానెడు ఎత్తు కూడా లేని కారు ప్రతి గేటెడ్ కాలనీ ముందూ పొట్ట రాచుకుంటూ దాటుతుంది. రాచుకున్న ప్రతిసారీ అడుగున పూత కొంచెం లేచిపోతుంది. ఇంకో పాపం పంక్చర్ షాపుల్లో జరుగుతుంది. జాకీ పెట్టాల్సిన చోటు వదిలేసి రన్నింగ్ బోర్డు అంచున ఎక్కడ పడితే అక్కడ పెట్టి లేపుతారు. అంచు మడత వంగిపోతుంది, సీలెంటు పగులుతుంది, ఆ పగులులోంచి నీరు దూరుతుంది. బండిని లిఫ్ట్ ఎక్కించి ఆ అంచును ఈ చివర నుంచి ఆ చివరకు టార్చి వేసి చూస్తే గత యజమానులు బండిని ఎలా చూసుకున్నారో తెలిసిపోతుంది. అడుగంతా తాజా నల్లటి అండర్ కోటింగ్‌తో నిగనిగలాడుతుంటే మెచ్చుకోకుండా నిలదీయాలి. అమ్మే ముందు వారం ఎందుకు కొట్టించారు? దాని కింద ఏముంది? లిఫ్ట్ ఎక్కించడానికే ఒప్పుకోని అమ్మకందారుతో బేరం కొనసాగించడం దండగ.

వరదలో మునిగిన బండి విషయంలో మాత్రం బేరానికే చోటు లేదు, దిగకూడదు. 2005 జులై 26న ముంబయిలో ఒక్కరోజే 944 మిల్లీమీటర్ల వాన పడింది. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. 2025 ఆగస్టులో నాందేడ్ జిల్లాలోనే ముఖేడ్ తాలూకాలో కుండపోతకు ఊళ్లు నీట మునిగాయి. ఇలాంటి ప్రతి వరద తర్వాతా నీళ్లలో తేలిన కార్లు వేలానికి వెళతాయి, కొన్ని కడిగించుకుని, సెంటు చల్లించుకుని వేరే రాష్ట్రంలో మళ్లీ తలెత్తుతాయి. పెద్ద జీపుకు టైరు తడిసేంత నీళ్లు స్పోర్ట్స్ కారుకు సీటు దాకా వస్తాయి, అంత కిందికి ఉంటుందది.

కడిగినవాడు పైపైన కడుగుతాడు. సీటును వెనక్కి జరిపి, పట్టాల కింది బోల్టులు చూడాలి. నాలుగు గోడల మధ్య ఉండే ఆ బోల్టులకు తుప్పు పట్టడానికి మామూలుగా కారణమే లేదు. సీటు బెల్టును చివరిదాకా లాగాలి, చుట్ట లోపల దాగిన పట్టీ మీద మట్టిగీత ఉంటే నీరు ఎంత ఎత్తుకొచ్చిందో అదే చెబుతుంది. డిక్కీలో స్టెప్నీ గుంట అడుగున, డాష్‌బోర్డు కింద వైర్ల కట్టల మధ్య సన్నటి ఒండ్రు దొరుకుతుంది. కనెక్టరు ఊడదీస్తే పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము కనబడుతుంది. ఎయిర్‌బ్యాగులు, స్టీరింగ్, బ్రేకులు అన్నీ వైర్ల మీద ఆధారపడిన బండిలో ఆ చిలుము ఏ రోజు ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేరు. సగం ధరకు వచ్చినా ఇది వద్దు.

నంబరు ప్లేటు కూడా కొంత చెబుతుంది. ఎంహెచ్-26 నాందేడ్, ఎంహెచ్-12 పుణె. ఎంహెచ్-01, 02, 03 ముంబయి, ఎంహెచ్-08 రత్నగిరి, జీఏ అంటే గోవా. ఏపీ-31 అయితే విశాఖ. ఆంధ్రప్రదేశ్ 2019లో జిల్లా కోడ్‌లు వదిలేసి రాష్ట్రమంతటికీ ఏపీ-39 మొదలుపెట్టింది కాబట్టి కొత్త బండ్లలో ఈ ఆనవాలు దొరకదు. ప్లేటు చెప్పేది బండి ఎక్కడ రిజిస్టరైందో మాత్రమే, ఎక్కడ కాపురం చేసిందో కాదు. అది తెలియాలంటే కంపెనీ సర్వీస్ సెంటర్ల రికార్డు తెప్పించాలి. ఏ ఊళ్లో ఏ తేదీన సర్వీసు అయింది, ఏ రేకు మారింది, ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఎప్పుడు జరిగింది అన్నీ అందులో వరసగా ఉంటాయి.

కాగితాల దగ్గర తుప్పుకు ఇంకో ముడి ఉంది. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ పైన ఫిట్‌నెస్ చూసి అయిదేళ్లకోసారి పొడిగిస్తారు. 2007 తర్వాత ఆడి లాంటి కంపెనీలు ఇక్కడ అడుగుపెట్టాక వచ్చిన మొదటి స్పోర్ట్స్ కార్లు ఇప్పుడు సరిగ్గా ఆ వయసు దాటుతున్నాయి, అందుకే ధరలు ఊరిస్తున్నాయి. ఆర్టీవో దగ్గర చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్ది అచ్చు తీస్తారు. ఆ అంకెలు తుప్పుకు చెరిగిపోయి ఉంటే, లేదా ఆ రేకునే కోసి మార్చి ఉంటే, దొంగబండి కాదని రుజువు చేసుకోవడానికి తిరగాల్సి వస్తుంది. డబ్బు ఇచ్చే ముందే ఆ అచ్చు మనమే తీసి ఆర్సీతో పోల్చుకోవడం అయిదు నిమిషాల పని. తెలంగాణ బండి అయితే ఫారం 28 మీద ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి, మహారాష్ట్రలో మళ్లీ రోడ్డు పన్ను కట్టాలి. ఆ మొత్తం కూడా ధరలో కలుపుకుని చూడాలి. యాభై ఏళ్లు దాటిన బండ్లకు దారి వేరు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ కార్లకు ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు.

మంచి బండి దొరికి నాందేడ్ చేరాక ఈ ఊరి వాతావరణమే దానికి సగం వైద్యం. మిగతా సగం యజమాని చేతిలో ఉంది. తీరం నుంచి వచ్చిన బండికి మొదట అడుగంతా మంచినీళ్లతో ఒత్తిడిగా కడిగించి, పూర్తిగా ఆరాక, బోలు భాగాల్లోకి సన్నటి గొట్టంతో మైనపు పూత కొట్టించాలి. తడిగా ఉండగా కొట్టిస్తే తడిని లోపలే బంధించినట్టవుతుంది, అందుకే ఆ పనికి ఏప్రిల్, మే నెలలు మేలు. ఆదివారం మాత్రమే బయటికి తీసే బండి అయితే వీధి చివరిదాకా తిప్పి తెచ్చి పెట్టేయకూడదు. ఇంజను వేడెక్కేలోపే ఆపితే సైలెన్సర్‌లో చేరిన నీటి ఆవిరి అక్కడే నిలిచి లోపల్నుంచి తింటుంది. అర్ధాపూర్ దాకానో, దెగ్లూర్ రోడ్డు మీద కొంత దూరమో పోయి రావాలి. గాలాడని టార్పాలిన్ కంటే గుడ్డ కవరు మంచిది, మట్టి నేల కంటే బండలు పరిచిన చోటు మంచిది. దసరా ఆయుధపూజకు బండి కడిగి పసుపు కుంకుమ పెట్టే రోజున తలుపుల అడుగు రంధ్రాలు ఒకసారి పుల్లతో పొడిచి చూసుకుంటే, వానాకాలం దాచి వెళ్లిన నీళ్లు ఏమైనా ఉంటే కారిపోతాయి.